కట్టడపు పనులలో మాటకగు వ్యయము



మన పల్లెలలో ఇల్లు కట్టదలచినవాడు ముందుగా లెక్క వేసికొనును. రాయి యెంత, ఇటుక యెంత, ఇనుము యెంత, కలప యెంత, కూలి యెంత అని వ్రేళ్లు మడచి లెక్కించును. గృహప్రవేశమునాటి భోజనముల ఖర్చు సైతము ఆ లెక్కలో చేరును. కాని ఒక వ్యయము మాత్రము ఏ లెక్కలోను కానరాదు. అది మాటకగు వ్యయము. ఇటుకల బట్టీవానికి కబురంపుట, మేస్త్రీని పిలిపించుట, ఇసుక యేల రాలేదో విచారించుట, ఇవి యన్నియు మాటలే. చిన్న యింటికి ఇవి ఊరక జరిగిపోవును. ఒక ఓడరేవో, ఒక ఉక్కు కర్మాగారమో కట్టవలసివచ్చినప్పుడు ఈ మాటకే ప్రత్యేకముగ తీగలును, యంత్రములును, మనుష్యులును, ధనమును కావలసియుండును. ఈ వ్యయము కాలక్రమమున ఎట్లు మారినది, నేడు దీనిని ఎవరు భరించుచున్నారు అను విషయమును విశాఖపట్టణమును ఉదాహరణముగ గైకొని మీకు విన్నవింపదలచితిని. పట్టణమునకు కట్టుబడి పనికి పోయినవారు లేని పల్లె మన ప్రాంతమున అరుదు. కావున ఇది దూరపు విషయము కాదు, మన గడపలోనిదే.

కట్టడపు పనికి మాట యేల యింత ముఖ్యము? సేద్యము చేయువానికి ఏమి చేయవలెనో నేల చెప్పును, ఆకాశము చెప్పును. కట్టడపు పని అట్టిది కాదు. పటము గీసినవాడొకచోట, ధనమిచ్చువాడొకచోట, సరకు పంపువాడొకచోట, పని చేయువాడు వేరొకచోట నుందురు. సిమెంటు వచ్చి కంకర రానిచో ఆ దినపు కూలి వ్యర్థము. పటములో గోడ నాలుగంగుళములు జరిగినదన్న కబురు ఒకనాడు ఆలస్యమైనచో కట్టిన గోడను మరల పడగొట్టవలెను. పైన పరంజా మీద నున్నవాని కేక క్రిందివానికి వినబడనిచో ప్రాణమునకే ముప్పు. ఆలస్యమును, నష్టమును, ప్రమాదమును తగ్గించుటకై పెట్టు ఖర్చే మాటకగు వ్యయము. ఇది దండుగ కాదు. కాని ఎవరు పెట్టవలెను, ఎంత పెట్టవలెను అనునవి విచారింపదగిన ప్రశ్నలు.

విశాఖపట్టణపు ఓడరేవును నిర్మించినవారు బెంగాలు నాగపూరు రైల్వేవారు. వారి ముఖ్య కార్యాలయము కలకత్తాలోని గార్డెన్ రీచి యందుండెను. పని జరుగుచున్నది ఇక్కడ. పెద్ద యధికారులున్నది ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున. కెరటముల తాకిడినుండి రేవు ముఖద్వారమును కాపాడుటకై జానస్, వెల్లెస్‌డన్ అను రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అడ్డుకట్టగా చేసిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ రేవులో ప్రవేశించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 19వ తేదీన నాటి వైస్రాయి విల్లింగ్డను ప్రభువు రేవును లాంఛనముగ ప్రారంభించెను. దానికైన వ్యయము 378 లక్షల రూపాయలని చెప్పుదురు.

ఆ కాలమున దూరపు మాటకు ముఖ్యసాధనము తంతి. తంతివార్తకు మాటల లెక్కను ధర. ఒక్క మాట పెరిగినచో వెల పెరుగును. కావున వ్రాయువారు పదిమార్లు ఆలోచించి పదిమాటలలో ముగించెడివారు. వర్తకులును, కంపెనీలవారును సంకేత పుస్తకములను కూడ వాడెడివారు. అందలి ఒక్క సంకేతపదము ఒక పూర్తి వాక్యమునకు బదులుగ నిలుచును. పుస్తకము ఇరువైపుల నున్నచో చాలును, ధర తగ్గును. రేవునకు వచ్చు ఓడలతో మాటలాడుటకు పగలు జెండాలు, రాత్రి దీపములు ఉపకరించెడివి. ఇక కూలివాని సంగతి? వాని మాటకు తంతి లేదు. ఇంటికి ఉత్తరము వ్రాయించుకొనిన యెడల కార్డు వెల మాత్రమే వాని ఖర్చు. జవాబునకై దినములు వేచియుండుట వాని వంతు. పనికి సంబంధించిన మాట ఖర్చంతయు కంపెనీ పద్దులోనే వ్రాయబడెడిది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

తరువాత వచ్చినది ఉక్కు కర్మాగారము. 1966లో ఆంధ్రదేశమంతట చెలరేగిన ఉద్యమమును మీలో పెద్దలు ఎరుగుదురు. అందు ప్రాణములు గోల్పోయినవారును కలరు. 1970 ఏప్రిల్ 17వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. అయినను పని ఊపందుకొన్నది 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమము ఏర్పడిన పిదపనే. 1990లో మొదటి కొలిమి వెలిగెను. దానికి గోదావరి యని పేరిడిరి. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికంకితము చేసిరి. దీనికై అరువదికి పైబడిన పల్లెలవారు భూములనిచ్చిరి.

అంత పెద్ద పని సాగుచున్న కాలమున టెలిఫోను మన దేశమున ఇంకను దుర్లభ వస్తువే. కొత్త సంబంధమునకు దరఖాస్తు పెట్టి ఏండ్లకొలది కాచుకొనుట వింత కాదు. దూరపు ఊరితో మాటలాడవలెనన్న ట్రంకు కాలునకు చెప్పి గంటలకొలది కూర్చుండవలెను. అర్జెంటు కాలునకు మామూలు ధరకు రెట్టింపు. లైట్నింగు కాలునకు అంతకు మించి అనేక రెట్లు. ఆలస్యము యొక్క వెల యెంత, మాట యొక్క వెల యెంత అని త్రాచున తూచి చూచుకొని పెద్ద కంట్రాక్టరులు ఖర్చు పెట్టెడివారు. ఒక క్రేను ఒక దినము ఊరక నిలిచినచో పోవు ధనము కంటె లైట్నింగు కాలు చౌకయే యగుచుండెను. వ్రాతమూలముగ తెలుపవలసినవానికి టెలెక్సు యంత్రములు వచ్చెను. పెద్ద పనిచోటులలో లోపలి వాడుకకు సొంత టెలిఫోను ఎక్స్ఛేంజి, చేతిలో పట్టు వైర్‌లెస్ పెట్టెలు ఉండుట ఆచారమయ్యెను. ఇవి యన్నియు కంపెనీ సొత్తు, ఖర్చు కంపెనీది.

ఆ దశాబ్దపు చివరి భాగమున వీథి వీథిని ఎస్.టి.డి. బూతులు వెలసినవి. రాత్రి ప్రొద్దుపోయిన పిదప ధర తగ్గెడిది. కావున పట్టణములలో కూలిపని చేయువారు రాత్రిభోజనమైన తరువాత ఆ బూతులయొద్ద బారులు తీరి, గోడ మీద ఎఱ్ఱగా పరుగెత్తు అంకెలను చూచుచు, ఊరిలోని కిరాణా కొట్టునకు ఫోను చేసి, మా యింటివారిని పిలువుడని వేడుకొనెడివారు. పనివాడు తన జేబులోని పైకమును మాటకై పెట్టుట ఇక్కడ ప్రారంభమయ్యెను. అయినను అది తన వారితో తాను ఆడుకొను మాట. పని మాట కాదు.

1995 జూలై 31వ తేదీన మన దేశమున మొదటి సెల్ ఫోను సంభాషణము జరిగెను. ఆరంభమున నిమిషమునకు 16 రూపాయలవరకు వెల. పైగా వచ్చిన కాలునకును డబ్బు కట్టవలసియుండెను. అప్పుడది ఇంజనీరు చేతనో, కంట్రాక్టరు చేతనో మాత్రమే కనబడెడిది. 1999 నాటి నూతన విధానములో, ఫోను కంపెనీలు ముందుగ పెద్దమొత్తము కట్టు పద్ధతి పోయి, రాబడిలో వాటా యిచ్చు పద్ధతి వచ్చెను. 2003లో వచ్చు కాలునకు డబ్బు కట్టు పద్ధతి పోయెను. నాటినుండి మేస్త్రీ చేతికి ఫోను వచ్చెను. కొలది యేండ్లకే కూలివాని చేతికిని వచ్చెను. 2013 జూలైలో తంతివార్తల సేవ నిలిచిపోయెను. 2016 తరువాత చాల పథకములలో ఉత్త మాటకు వేరుగ వెల లేకపోయి, బొమ్మలును, చలనచిత్రములును మోయు డేటాకే వెల మిగిలినది.

మాట ఇంత చౌక యైనది కదా, కట్టడపు పనులలో దానికగు వ్యయము తగ్గియుండవలెను గదా యని మీరడుగవచ్చును. విడిగా ఒక్కొక్క మాటకగు వెల తగ్గినది. మొత్తపు వ్యయము తగ్గలేదు, రూపము మార్చుకొన్నది. ఆ మార్పులు మూడు.

మొదటిది: నోటిమాటకై చేయు ఖర్చు తగ్గి, పటములును ఫొటోలును పంపుటకగు ఖర్చు పెరిగినది. నేడు ఇంజనీరు విశాఖలో కాలిన ఇటుకను చూడక, హైదరాబాదునందు కూర్చుండి తెరపై చూచి మంచిచెడ్డలు చెప్పుచున్నాడు. పనిచోట కెమెరాలు, హాజరు తీసికొను యంత్రములు, సరకు లెక్కల పద్దులు, అన్నియు ఆ డేటా మీదనే నడచుచున్నవి.

రెండవది: వెనుక ఇల్లు పూర్తియైన పిదప టెలిఫోను తీగను కిటికీలోనుండి లాగెడివారు. ఇప్పుడు గోడ కట్టునప్పుడే తీగలకు గొట్టములు విడువవలసి వచ్చుచున్నది. మందపు కాంక్రీటు గోడలు, లోహపు తాపడములు సెల్లు తరంగములను అడ్డగించును. అందుచే కొత్త మేడలలో లోపల ఫోను పలుకదు. భారత టెలికాం నియంత్రణ సంస్థవారు 2024లో, కట్టడములలో ఈ సౌకర్యము ఎంతయున్నదో పరీక్షించి శ్రేణి నిర్ణయించుటకు నిబంధనలను ప్రకటించిరి. కావున మాటకగు వ్యయము సున్నము, సిమెంటులతోపాటు కట్టడపు అంచనాలోనికే చేరినది.

మూడవది మనకు ముఖ్యమైనది: ఖర్చు కంపెనీ పద్దునుండి కూలివాని జేబునకు జారినది. ఇది ఎవరును ఆజ్ఞ చేసి తెచ్చిన మార్పు కాదు. చడిచప్పుడు లేక జరిగిపోయినది.

ఉదాహరణమునకు ఒక పనిచోట 200 మంది కలరనుకొందము. ఒక్కొక్కడు నెలకొకమారు 300 రూపాయలు పెట్టి ఫోను నింపించుకొనునని యనుకొందము. నెలకు 60,000 రూపాయలు. ఏడాదికి 7,20,000 రూపాయలు. ఈ మొత్తము ఆ పని యొక్క అంచనాలో ఎక్కడను లేదు. కాని ఆ ఫోను లేనిచో పని సాగునా? రేపు ఏ మేడకు రావలెనో మేస్త్రీ చెప్పునది దానిలోనే. హాజరు పడునది దానిలోనే. కూలి డబ్బు బ్యాంకులో పడినదని తెలియునది దానిలోనే. ఫోను మూగవోయిననాడు వానికి పని కబురు రాదు. పని కబురు రానినాడు కూలి లేదు. వెనుక కంపెనీవారు తూచి పెట్టిన ఖర్చును నేడు దినకూలివాడు తూచి చూచుకొనకయే పెట్టుచున్నాడు.

దీనిని న్యాయముగ విచారింతము. తాపీపని చేయువాడు తాపీని, తూకపు గుండును తానే తెచ్చుకొనును. ఇది తరతరముల ఆచారము. పరంజా కఱ్ఱలను మాత్రము యజమానుడే తెప్పించును; వానిని తెమ్మని ఎవడును కూలివానిని అడుగడు. ఇప్పుడు ఫోను తాపీ వంటిదా, పరంజా వంటిదా? ఆలుబిడ్డలతో మాటలాడుటకు ఫోను వాని సొంత వస్తువే. దాని ఖర్చు వానిదే. కాని పనికి పిలుచుటకు, హాజరు తీయుటకు, ఫొటోలు పంపుమనుటకు యజమానుడు దానిని వాడుకొనునప్పుడు అది పరంజాయే యగును. అట్టిచో ఖర్చులో పాలు పంచుకొనుట యజమానునకు ధర్మము. కొందరు కంట్రాక్టరులు అట్లు నెలకింత యని యిచ్చుచున్నారు. అడుగనివారికి ఎవరును ఈయరు. మన పిల్లలను పనికి పంపునప్పుడు కూలి యెంత, బస యెక్కడ, భోజన మెట్లు అని మేస్త్రీని అడుగుదుము కదా, ఫోను ఖర్చు ఎవరిదని కూడ అడుగుట తప్పు కాదు.

ఇక ఆపత్కాలపు మాట. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడెను. చెట్లు కూలినవి, కరెంటు స్తంభములు ఒరిగినవి, విమానాశ్రయపు పైకప్పు చెదరినది. సెల్లు గోపురములు కొన్ని దెబ్బతినగా, మరికొన్ని కరెంటు లేక మూగవోయినవి. లక్షలమంది చేతులలో ఫోనులున్నవి. మాట మాత్రము లేదు. ఊరిలోని తల్లికి కొడుకు క్షేమము తెలియదు; కొడుకునకు తల్లి క్షేమము తెలియదు. చౌకగ దొరికినంతమాత్రమున మాట నమ్మదగినది కాదని ఆనాడు తెలిసినది. ఆ పిదప ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో నగరమున విద్యుత్తు తీగలను భూమిలోనుండి వేయు పని చేపట్టబడెను.

మన రేవులలో తుపాను సూచనకై సంఖ్యల నేర్పరచియున్నారు. ఒకటవ సంఖ్య దూరపు హెచ్చరిక. పదవ సంఖ్య మహాప్రమాదము. ఇది మీరు రేడియోలో వినుచునేయున్నారు. కాని పదునొకండవ సంఖ్య యొకటి కలదని చాలమందికి తెలియదు. వాతావరణ కేంద్రముతో మాటలు తెగిపోయినవి, తుపాను భయమున్నదని స్థానికాధికారి తలచుచున్నాడు, అని దాని యర్థము. పెద్దలు ఎంత దూరదృష్టితో ఆలోచించిరో చూడుడు. మాట తెగిపోవుటను వారు తుపాను ప్రమాదముల వరుసలోనే చేర్చి, దానికొక సంఖ్యనిచ్చి, పదవదానికి పైన నిలిపిరి. పనిచోటులలోను, మన ఇండ్లలోను ఈ పదునొకండవ సంఖ్యకు ఏర్పాటు చేసికొనువారు ఎందరు? రెండవ దారి యొకటి ఉంచుకొనుటకగు ఖర్చు దండుగవలె కనబడును; అవసరము వచ్చినదాక దాని విలువ తెలియదు.

కట్టడపు పనివారే మాటకు శత్రువులగు సందర్భమును కలదు. నేడు దూరపు మాటలన్నియు వెండ్రుకవంటి గాజుపోగులు గల తీగలలో, భూమి క్రింద నడచుచున్నవి. నీటిగొట్టమునకో, మురుగుకాలువకో యంత్రముతో త్రవ్వునప్పుడు అవి తెగిపోవుచున్నవి. దేశమున ఏటేట దాదాపు 10 లక్షల చోట్ల ఇట్లు తెగుచున్నవనియు, నష్టము సుమారు 3,000 కోట్ల రూపాయలనియు ప్రభుత్వమువారే చెప్పిరి. త్రవ్వుటకు ముందు, క్రింద ఏమున్నదో తెలిసికొనుటకై 2023 మార్చి 22వ తేదీన 'కాల్ బిఫోర్ యు డిగ్' అను ఏర్పాటును ప్రధానమంత్రి ప్రారంభించిరి. పంచాయతీ పనులు చేయించు పెద్దలు దీనిని గమనింపవలెను. ఒక పారదెబ్బతో నాలుగూళ్ల మాట ఆగిపోవచ్చును. ఆసుపత్రి బండిని పిలువలేని రాత్రి ఎవరి యింటికి వచ్చునో చెప్పలేము.

చివరకు ఒక కొత్త సంగతి. దేశాంతరములనుండి మన దేశమునకు వచ్చు సముద్రపు తీగలలో ఎక్కువ భాగము ముంబయి, చెన్నై తీరములకే చేరుచున్నవి. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదుమనియు, సముద్రపు తీగలను ఈ తీరమునకు చేర్తుమనియు ప్రకటించిరి. ఒకనాడు రేవును కట్టుటకు మాట కావలసివచ్చినది. ఇప్పుడు మాటకే రేవు కట్టవలసివచ్చుచున్నది. ఈ పనులకును భూమి కావలెను, కూలి చేతులు కావలెను. ఉక్కు కర్మాగారమునకు భూములిచ్చిన పల్లెల యనుభవము మన కన్నులయెదుట నున్నది. కావున మాటకై భూమినడుగువారిని, మా పల్లెకు ఏ మాట వచ్చును, మా పిల్లలకు ఏ పని వచ్చును అని ముందుగ అడుగు హక్కు మనకున్నది. వ్రాతపూర్వకముగ జవాబు పొందుట మన కర్తవ్యము.

పెద్దలకు నా విన్నపములు నాలుగు. ఒకటి: పనికి పోయిన పిల్లవాని సొంత ఫోను సంఖ్య మాత్రమే కాక, మేస్త్రీ సంఖ్యను, పనిచోటి కార్యాలయపు సంఖ్యను కాగితముపై వ్రాసి యింట నుంచుడు. ఫోనులో దాచిన సంఖ్య ఫోనుతోనే పోవును. రెండు: 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండని కట్టుబడి పనివాడు, గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు పని చేసియున్నచో నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. 1996 నాటి చట్టముచే ఏర్పడిన ఈ సదుపాయము 2025 నవంబరున అమలునకు వచ్చిన కొత్త శ్రామిక స్మృతులలో చేర్చబడినది. నమోదునాడు ఇచ్చిన ఫోను సంఖ్యను మార్చినచో తెలియజేయవలెను. లేనిచో రావలసిన సహాయపు కబురు వేరొకరికి చేరును. మూడు: తుపాను రోజులలో బ్యాటరీతో పలుకు రేడియో నొకదానిని ఇంట నుంచుకొనుడు. నాలుగు: ఇల్లు కట్టునప్పుడు గోడలో తీగలకొక గొట్టము విడువుడు, కొలది రూపాయల ఖర్చు, రేపు గోడ పగులగొట్టు బాధ తప్పును.

మాట గాలిలో పోవునది గనుక దానికి వెల లేదని తలచుట పొరపాటు. దాని వెలను ఎవరో ఒకరు ఇచ్చుచునేయున్నారు. అది ఎవరి పద్దులో వ్రాయబడుచున్నదో చూచుకొనుటయే మనము నేర్వవలసినది.